అట్టలు మార్చిన మగ్గం

మా అక్క కొడుకు పోయిన నెలలో వొక శనివారం వనపర్తిలో బస్సెక్కి నాగర్‌కర్నూల్ వచ్చాడు. వచ్చీ రావడంతోనే చొక్కా జేబులోనించి చిన్న డబ్బా తీసి బల్లమీద పెట్టి, "మామా, దీనికి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కియ్యాలె. పాతది ముసలిదైపోయింది" అన్నాడు. గద్వాల చీరను మడిచి అగ్గిపెట్టెలో పెట్టేవారని పెద్దలు చెప్పుకుంటారు గదా. ఆ గద్వాల నేతగాడి కొడుకు కంప్యూటరును జేబులో వేసుకు రావడం నాకేమీ వింతగా తోచలేదు.

యీ బుల్లి యంత్రం సంగతి తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు చెబుతాను. దీని పేరు రాస్ప్‌బెర్రీ పై. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఎబెన్ అప్టన్ అనే ఆయనా, ఆయన మిత్రులూ కలిసి, బడిపిల్లలు తామే ప్రోగ్రాములు రాయడం నేర్చుకునేందుకు చవక కంప్యూటరు వొకటి వుండాలని తలపెట్టారు. 2012 ఫిబ్రవరి 29న అది బజారుకెక్కింది. ధర 35 డాలర్లు. కంప్యూటరుకు కావలసిన సరంజామా అంతా వొకే పలకమీద అమరి వుంటుంది. పలక పొడవు 85 మిల్లీమీటర్లు, వెడల్పు 56. తెర కావాలంటే యింట్లో వున్న టీవీకి తగిలించుకోవడమే. మావాడిది 2016లో వచ్చిన మూడో తరంది. పాలిటెక్నిక్‌లో చేరకముందే ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో కొనుక్కున్నాడు.

దీని కడుపులో డిస్కు వుండదు. చిటికెనవేలి గోరంత కార్డు వొకటి పక్కనుంచి దూర్చాలి. ఆపరేటింగ్ సిస్టమూ, మనం దాచుకున్న రాతలూ బొమ్మలూ అన్నీ ఆ కార్డులోనే. కార్డు లాగేస్తే మిగిలేది వట్టి పలక.

"కార్డులో యేముందిరా?" అని అడిగాను.

"తాత గ్రాఫులు" అన్నాడు.

అప్పటిదాకా కాఫీ తాగుతూ వింటున్నవాణ్ని కప్పు కింద పెట్టాను.

మా బావగారి పూర్వులది రాజోలి. తుంగభద్ర వొడ్డున వున్న నేతగాళ్ల వూరు. 2009 అక్టోబరులో నది పొంగి ఆ వూరిని ముంచేసింది. మగ్గం గుంటల్లో నీళ్లు నిలిచాయి, నూలూ పట్టూ బురదపాలయ్యాయి. బావ తండ్రిగారు గళ్ల కాగితాలమీద పెన్సిలుతో వేసుకున్న అంచుల నమూనాలు రెండు ట్రంకుపెట్టెల నిండా వుండేవి. వొక పెట్టె యేటిపాలయింది. రెండోది సగం తడిసి దక్కింది. ఆ ముసలాయన పోయిన తరువాత మావాడు ఆ కాగితాలను వొక్కొక్కటే ఆరబెట్టి, ఫోటోలు తీసి, యీ డబ్బాలోకి ఎక్కించాడు. యిప్పుడు కాగితాలు ముట్టుకుంటే పొడి రాలుతున్నాయి. ఫోటోలకు మరో ప్రతి లేదు. గద్వాలలో మా అక్కావాళ్ల యింట్లో టీవీమీద ఆ బొమ్మలను పెద్దవిగా చేసుకుని బావ గళ్లు లెక్కపెట్టుకుంటాడు.

మావాడు చేయదలచింది మాత్రం ఆ కార్డుమీదనే కొత్త సిస్టమ్ రాసేయడం! రాస్తే పాతది పైనించి కిందికి తుడిచిపెట్టుకుపోతుందని వాడికీ తెలుసు. "ఫోటోలు ముందే తీసిపెట్టుకుందమని దోస్తు ల్యాప్‌టాప్‌లో కార్డు పెట్టి చూసిన మామా. ఏమీ లేవు. కార్డును ఫార్మాట్ చేస్తవా అని అడిగింది" అని గొణిగాడు. ఫోటోలు యెప్పుడో పోయాయని వాడి అనుమానం. యింట్లో చెప్పడానికి భయం. పోయినవెలాగూ పోయాయి, కొత్తదైనా పెట్టించుకుందామని నా దగ్గరికి వచ్చాడన్నమాట.

పోలేదు. ఆ కార్డులో రెండు గదులుంటాయి. మొదటిది చిన్నది. యంత్రం నిద్రలేవడానికి కావలసిన సరుకు అందులో వుంటుంది, దాన్ని యే కంప్యూటరైనా చదవగలదు. రెండోది పెద్దది, లైనక్స్ పద్ధతిలో కట్టింది. మన యిళ్లలో, ఆఫీసుల్లో వుండే మామూలు కంప్యూటర్లకు ఆ కట్టుబడి తెలియదు. తెలియనిదాన్ని చూసి, "యిది ఖాళీ కాబోలు, శుభ్రం చేయమంటారా?" అని అడుగుతాయి. అక్కడ "అవును" అని నొక్కితే తాతగారి రెండో పెట్టె కూడా యేట్లో కలిసేది. మావాడు నొక్కకపోవడం తెలివివల్ల కాదు, అప్పుడే హాస్టల్లో అన్నం గంట కొట్టారట.

పాత కార్డును దాని డబ్బాలోనే పెట్టి, మా టీవీకి తగిలించి వెలిగించాం. అన్నీ వున్నాయి. వాడు మాట్లాడలేదు. చొక్కా చేత్తో కళ్లజోడు తుడుచుకున్నాడు.

అప్పుడు బావకు ఫోను చేశాను. కార్డులూ గదులూ అని చెప్పబోతే ఆయన మధ్యలోనే అందుకుని, "జాకార్డుకు కొత్త అట్టలు కట్టేటప్పుడు పాత అట్టలు చింపుతమా? కట్టగట్టి అటక మీద పెడ్తం. వాడికెందుకు తెల్వదు?" అన్నాడు.

ఆయన అన్నది వుపమానం కాదు సుమండీ, చరిత్ర. ఫ్రాన్సులోని లియాన్ పట్టణంలో జోసెఫ్ మారీ జాకార్డ్ 1804లో తయారుచేసిన మగ్గానికి పైన చిల్లులు పొడిచిన అట్టలు దండలా వేలాడుతుంటాయి. వొక్కో పేక పోగుకు వొక్కో అట్ట. చిల్లు వున్నచోట పడుగు లేస్తుంది, లేనిచోట లేవదు. మగ్గం అదే, నేసేవాడు అతనే, అట్టల దండ మారిస్తే అంచు మారిపోతుంది. యీ అట్టల యుక్తినే చార్లెస్ బాబేజ్ 1830ల్లో తాను తలపెట్టిన లెక్కల యంత్రానికి యెరువు తెచ్చుకున్నాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలను హోలరిత్ చిల్లుల కార్డులతోనే తేల్చాడు. కంప్యూటరుకు పుట్టిల్లు మగ్గమని చెబితే గద్వాల అమ్మలక్కలు నవ్వుతారేమో గాని, వున్న మాట అదే.

కనుక కొత్త కార్డు కొందామని తేలింది. బస్టాండు దగ్గర వొక బడ్డీకొట్లో 128 జీబీ అని అచ్చువేసిన కార్డు మరీ చవకగా దొరికింది. సంతోషించాం. రాయడం పూర్తయ్యాక, రాసింది సరిగా వుందో లేదో ఆ ప్రోగ్రామే తిరిగి చదివి చూస్తుంది. అక్కడ తప్పింది. పైన రాసిన అంకె వొకటి, లోపల వున్న చోటు వొకటి. యిటువంటి కార్డులు చాలా వూళ్లలో తిరుగుతున్నాయి. తిరిగి చదివే ఆ పనిని తొందరపడి మధ్యలో ఆపేయకండి. తరువాత పెద్ద దుకాణంలో 32 జీబీ కార్డు బిల్లు రాయించుకుని కొన్నాం.

వున్నదాన్నే కొత్తదిగా మార్చకూడదా అని మీరడగవచ్చు. మార్చవచ్చు. మగ్గంమీద పాత పడుగు చివళ్లకు కొత్త పడుగును పోగు పోగునా ముడివేసి అచ్చు అతుకుతారు చూడండి, అటువంటి పని అది. మావాడి కార్డులోది 2019 నాటి బస్టర్. దీనికి మూలమైన డెబియన్ వాళ్లు తమ విడుదలలకు టాయ్ స్టోరీ సినిమాలలోని పాత్రల పేర్లు పెడతారు. బస్టర్ అందులో కుక్కపిల్ల. 2024 జూన్ 30తో దానికి వుచిత మరమ్మతులు కూడా ఆగిపోయాయి. యిప్పటి ట్రిక్సీ 2025 ఆగస్టులో వచ్చింది. మధ్యలో రెండు తరాలు దాటాలి. వేల పోగులు ముడివేస్తుండగా కరెంటు పోతే అటూ యిటూ కాకుండా పోతుంది. పెద్ద మార్పుకు ఖాళీ కార్డుతో మొదలుపెట్టడమే మంచిదని యీ డబ్బా తయారుచేసినవాళ్లే చెబుతున్నారు.

రాయడానికి ఇమేజర్ అనే వుచిత ప్రోగ్రాము వుంది. యే తరం డబ్బా, యే సిస్టమ్, యే కార్డు అని మూడు ప్రశ్నలు వేస్తుంది. మూడో ప్రశ్న దగ్గర మాత్రం రెండుసార్లు చూసుకోండి. పక్కనే పెన్‌డ్రైవు వుంటే దాని పేరు కూడా కనిపిస్తుంది, తాతగారి ఫోటోలు అప్పటికి ఆ పెన్‌డ్రైవులోనే వున్నాయి! దాన్ని వూడదీసి మావాడి జేబులో పెట్టించాను. వాడుకరి పేరూ, రహస్యపదమూ, యింటి వైఫై వివరాలూ ముందే రాసిపెట్టవచ్చు. పూర్వం యీ డబ్బాలన్నిటికీ పేరు "పై", రహస్యపదం "రాస్ప్‌బెర్రీ" అని వుండేది. వూరందరికీ వొకే తాళంచెవి అన్నమాట. 2022 ఏప్రిల్‌లో ఆ మర్యాద తీసేశారు. డబ్బాలో వున్న జ్ఞాపకం 1 జీబీ మాత్రమే గనక, 64 బిట్లది కాకుండా కాస్త తక్కువ తినే 32 బిట్లది యెంచుకున్నాం.

కొత్త కార్డు పెట్టి వెలిగిస్తే తెరమీద మెరుపు గుర్తు వొకటి వచ్చి కూర్చుంది. మావాడు కంగారుపడ్డాడు. అది సిస్టమ్ లోపం కాదు, చాలినంత కరెంటు అందడంలేదని మొర. ఫోను ఛార్జరుతో నడుపుతున్నాడు. యీ తరం డబ్బాకు 5 వోల్టుల దగ్గర రెండున్నర ఆంపియర్లు యివ్వగల అడాప్టరు వుండాలి. మరొక మాట, పని అయ్యాక ప్లగ్గు పీకేసే అలవాటు వున్నవాళ్లకే కార్డులు తొందరగా చెడతాయి. ముందు మెనూలోంచి ఆపి, ఆ తరువాత ప్లగ్గు తీయాలి.

అన్నీ కుదిరాయి. ఫోటోలు యెక్కించాం. తీరా చూస్తే వాటి పేర్లు లేవు! "గోపురం అంచు", "రుద్రాక్ష అంచు" అని మావాడు తెలుగులో పెట్టుకున్న పేర్ల స్థానంలో వరుసగా ఖాళీ గళ్లు. తాతగారి గళ్ల కాగితంలాగే వుందని నాకు నవ్వొచ్చింది, వాడికి రాలేదు. కొత్త కార్డులో తెలుగు అక్షరాలు లేవు, అంతే. "ఫాంట్స్-టెలు" అనే మూటను దించుకుంటే గళ్లు అక్షరాలయ్యాయి. ఆ మూటలోని లిపులకు తిమ్మన, పెద్దన అని కవుల పేర్లున్నాయి, సురవరం అని కూడా వొకటుంది. 1926లో గోలకొండ పత్రిక స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డిగారి పేరు అది. ఆయన యీ గద్వాల ప్రాంతంవారే. మావాడు మరేదీ చూడకుండా ఆ లిపినే పెట్టుకున్నాడు.

మరుసటి ఆదివారం నేనూ గద్వాల వెళ్లాను. బావ నేలమీద కూర్చుని, టీవీమీద తన తండ్రి గీసిన గోపురం అంచును తెరిపించి, వేలితో గళ్లు లెక్కపెట్టాడు. మధ్యలో మా అక్క అన్నానికి పిలిచినా పలకలేదు. చివరిదాకా లెక్కపెట్టి, "సరిపోయింది" అన్నాడు. ఆ తరువాత నావైపు తిరిగి, "పాతదేది?" అని అడిగాడు.

కవరులో వేసి తెచ్చిన పాత కార్డు యిచ్చాను. వెలుతురుకు పట్టి అటూ యిటూ తిప్పి చూశాడు. మళ్లీ కవరులో వేసి, పైన తేదీ రాయించి, రాజోలినించి వచ్చిన ఆ ట్రంకుపెట్టెలో కాగితాల పక్కన పెట్టాడు. పెన్‌డ్రైవు మాత్రం తన దగ్గర వద్దన్నాడు. "అది నాగర్‌కర్నూల్‌లో నీ దగ్గరుండనీ బావా. అక్కడికి యేరు రాదు" అన్నాడు.