తరంగాలకూ వంతులుండాలి



మొన్న మా పాఠశాల కంప్యూటరు గదిలో తొమ్మిదవ తరగతి వారికి చిన్న పరీక్ష పెట్టాం. ముప్పై మంది పిల్లలు, ముప్పై ట్యాబులు, గోడకు ఒక వైఫై పెట్టె. పది నిమిషాలు గడిచినా సగం మందికి మొదటి ప్రశ్నే రాలేదు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. వెనుక వరుసలో ఒక అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వాళ్ళ ఇంట్లో ఫోను లేదు. ఆమెకు ఇంటర్నెట్ అందేది బడిలోనే.

"అంతా ఈ పిల్లల సెల్‌ఫోన్ల వల్లనే! గేటు దగ్గరే లాక్కోవాలి" అన్నారు తోటి ఉపాధ్యాయులొకరు. మా ఆవరణలోనే ఇంటర్మీడియట్ కళాశాల కూడా ఉంది. ఆయన మాటలో కొంత నిజం లేకపోలేదు. కాని అదే మొత్తం నిజమా? ఆలోచిద్దాం.

వైఫై పెట్టె, ట్యాబు మాట్లాడుకునేది రేడియో తరంగాలతో. అందుకు ఎక్కువగా వాడే పట్టీ 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు ఉంటుంది. ఆ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. తక్కువ శక్తి గల పరికరాలతో దీనిని లైసెన్సు లేకుండా ఎవరైనా వాడుకోవచ్చునని మన దేశంలో 2005లో నియమం వచ్చింది. వైఫై, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, స్మార్ట్ గడియారాలు, ఫోన్ల హాట్‌స్పాట్‌లు అన్నీ ఇక్కడికే చేరాయి. మైక్రోవేవ్ పొయ్యి కూడా 2450 దగ్గరే పనిచేస్తుంది. ఊరందరికీ ఒకటే చెరువన్నమాట!

ఈ చెరువు పెద్దదేమీ కాదు. వైఫై ఛానలు ఒక్కొక్కదానికి సుమారు 20 మెగాహెర్ట్జ్ చోటు కావాలి. ఛానళ్ళకు 1 నుంచి 13 వరకు అంకెలు వేశారు గాని, ఒకదానికీ మరొకదానికీ మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే. అందువలన ఒకదాని మీద ఒకటి పడకుండా మూడింటినే వాడుకోగలం. సాధారణంగా 1, 6, 11 ఛానళ్ళను ఎంచుకుంటారు. ఎవరి ఫోనైనా 3వ ఛానలులో హాట్‌స్పాట్ తెరిచిందనుకోండి, అది 1కీ అడ్డే, 6కీ అడ్డే.

ఒకే ఛానలులో ఉన్న పరికరాలు కొంత మర్యాద పాటిస్తాయి. మాట్లాడబోయే ముందు వింటాయి. మరొకటి మాట్లాడుతూ ఉంటే కాసేపు ఆగుతాయి. సగం మీద పడిన పక్క ఛానలు మాట మాత్రం వాటికి అర్థం కాదు. అది వట్టి రొదగానే తోస్తుంది. ఆ రొదలో పంపిన సమాచారం చెడిపోతే మళ్ళీ పంపాలి. పైగా హాట్‌స్పాట్ తెరిచి ఉంటే, దానిని ఎవరూ వాడకపోయినా సెకనుకు సుమారు పదిసార్లు తన పేరు చాటుకుంటూనే ఉంటుంది.

ఈ చిక్కు కొత్తది కాదు. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్, ఆయన సహచరులు కలిసి దీవుల మధ్య రేడియో ద్వారా కంప్యూటరు సమాచారం పంపే ఏర్పాటు చేశారు. దాని పేరు అలోహా. ఎవరికి తోచినప్పుడు వారు పంపవచ్చు, ఢీకొంటే కాసేపాగి మళ్ళీ పంపాలి. లెక్క వేసి చూస్తే, ఆ పద్ధతిలో మార్గపు సామర్థ్యంలో గరిష్ఠంగా 18 శాతమే అక్కరకు వస్తుందని తేలింది. తరువాత కాలాన్ని సమాన భాగాలుగా విభజించి, ప్రతివారూ ఒక భాగం ఆరంభంలోనే పంపాలని నియమం పెట్టారు. గరిష్ఠ పరిమితి 37 శాతానికి పెరిగింది. చూశారా! చెరువు పెరగలేదు. ఒక్క నియమంతో వాడకం రెట్టింపయింది.

అందుకే నా అభిప్రాయం ఇది. పాఠం జరిగేటప్పుడు ఫోను సంచిలో ఉండవలసిందే, అది చదువు కోసం. కాని హాట్‌స్పాట్ తెరిచి ఉన్న ఫోను సంచిలో ఉన్నా రొద చేస్తుంది. కొందరు జామర్ పెట్టమంటారు. ప్రభుత్వ అనుమతి లేకుండా దానిని వాడటం చట్టవిరుద్ధం. పైగా ఆపదలో చేసే ఫోను కూడా ఆగిపోతుంది. కావలసింది నియమం, ఆ నియమానికి కారణం తెలియడం.

బడి ఆవరణలో హాట్‌స్పాట్ మూసివేయాలి. వాడనప్పుడు బ్లూటూత్ ఆపాలి. బల్ల మీద నుంచి కదలని కంప్యూటరుకు తీగే మేలు, తరంగాల చోటు ట్యాబులకు మిగులుతుంది. కొత్త పరికరాలను 5 గిగాహెర్ట్జ్ పట్టీకి మార్చాలి. 2018లో మన దేశంలో ఆ పట్టీలో మరింత చోటు లైసెన్సు లేకుండా ఇచ్చారు. అయితే ఆ తరంగాలు గోడలు దాటడంలో కాస్త బలహీనం కనుక పెట్టె ఆ గదిలోనే ఉండాలి.

అన్నిటికన్నా ముందు కొలిచి చూడాలి. ఆ రోజు సాయంత్రం ఇద్దరు పదవ తరగతి విద్యార్థులతో కలిసి, చుట్టూ ఉన్న వైఫైల పేర్లనూ ఛానళ్ళనూ చూపే ఫోనుతో ఆవరణంతా తిరిగాను. పద్నాలుగు హాట్‌స్పాట్‌లు కనబడ్డాయి. తొమ్మిది కళాశాల వైపువి. తక్కిన ఐదూ మా ఉపాధ్యాయుల గదివి! అందులో ఒకటి నా జేబులోనిదే. ఉదయం బస్సులో మా అబ్బాయి లాప్‌టాప్ కోసం తెరిచి, మూయడం మరిచాను. పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. నేనూ నవ్వాను గాని, ఆ అమ్మాయి గుర్తుకువచ్చి సిగ్గుపడ్డాను.

అన్నీ మూయించి, 3లో ఉన్న మా పెట్టెను 6కు మార్చాం. మరునాడు ముప్పై మందికీ ప్రశ్నలు వచ్చాయి. ఒక్కసారి జరిగినదానిని రుజువు అనను. ప్రతి వారం కొలిచి పుస్తకంలో రాయమని ఆ ఇద్దరికీ అప్పగించాను.

మన ఊళ్ళలో చెరువు నీటిని వంతుల ప్రకారం పొలాలకు వదిలే మనిషిని నీరుగంటి అనేవారు. చివరి మడికి కూడా నీరందేలా చూడటం ఆయన పని. మీ బడిలో తరంగాలకు నీరుగంటి ఎవరు? మీ సైన్సు మాస్టారిని అడిగి, ఆ పని మీరే తీసుకోండి. లెక్కపెట్టేటప్పుడు మాస్టారి జేబును కూడా వదలకండి సుమా!