పన్నెండు రోజులు, ఆదివారాలు

1847 ఆగస్టులో రామిలీస్ అనే ఓడ న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ రేవుకు చేరింది. అందులోంచి దిగినవాళ్లు బ్రిటిష్ సైన్యంలో కొలువు ముగించుకుని పెన్షన్ మీద ఉన్న సిపాయిలు, వాళ్ల భార్యాపిల్లలు. ఎక్కువమంది ఐరిష్ వాళ్లు. తర్వాతి అయిదేళ్లలో ఇలాంటి ఓడలు మరికొన్ని వచ్చాయి. ఈ మాజీ సైనికులను ఫెన్సిబుల్స్ అనేవారు. ఆక్లాండ్‌కు దక్షిణాన, తూర్పున ఒనెహుంగా, ఓటాహుహు, పాన్‌మ్యూర్, హోవిక్ అని నాలుగు ఊళ్లు వీళ్ల కోసమే వెలిశాయి.

వాళ్లతో సర్కారు కుదుర్చుకున్న ఒప్పందం నన్ను చాలా ఆలోచింపజేసింది. ఓడ ఖర్చు సర్కారుదే. దిగాక రెండు గదుల ఇల్లు, ఎకరం నేల ఇస్తారు. వచ్చే పెన్షన్ వస్తూనే ఉంటుంది. అందుకు బదులుగా సిపాయి ఏడేళ్లపాటు ఏటా 12 రోజులు కవాతు చేయాలి, ప్రతి ఆదివారం ఆయుధంతో చర్చి పరేడ్‌కు రావాలి, ఆపద వస్తే పిలిచిన వెంటనే కదలాలి. ఏడేళ్లు నిండితే ఇల్లూ నేలా అతని సొంతం. మిగతా రోజులన్నీ అతనివే. కూలికి పోతాడో, ఎకరంలో ఆలుగడ్డలు వేసుకుంటాడో, అది అతని ఇష్టం.

ఆ నేల ఎవరిదన్న ప్రశ్నను దాటి పోలేను. అది అక్కడి మూలవాసులైన మావోరీల నేల. వాళ్ల చేతుల్లోంచి వివాదాల మధ్య జారిపోయిన నేలలోనే, వాళ్ల దాడికి భయపడి ఈ ఊళ్లను పట్నం చుట్టూ కాపలాగా పెట్టారు. ఆ అన్యాయానికి మాఫీ లేదు. నేను ఇక్కడ చూస్తున్నది ఒక్క విషయమే: యూనిఫాం విప్పిన మనిషి మీద ఎంత బాధ్యత ఉందో అందరికీ ముందే తెలిసేలా కాగితం మీద పెట్టారు.

మన జవానుకు ఆ కాగితం లేదు. సైన్యంలో పాత నియామక పద్ధతిలో చేరినవాళ్లకు పదిహేనేళ్ల సర్వీసుకే పెన్షన్ హక్కు వస్తుంది. అందుకే చాలామంది నలభై ఏళ్లు దాటీదాటకముందే ఇంటికి చేరతారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరది. అలాంటి ఊళ్లోనైనా, ఊరికొక్క జవాను ఉన్న చోటైనా, పెట్టె దించిన వారంలోపే మొదలవుతుంది ఆ మాట: "ఖాళీగానే ఉన్నావుగా!"

బాబాయిని హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఖాళీగానే ఉన్నావుగా. పాసుపుస్తకం కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగాలి, గుడి కమిటీలో పేరుండాలి, మేనకోడలి పెళ్లికి బట్టలు తేవాలి. అందరికీ క్యాంటీన్ కార్డు మీద ఫ్యానో, మిక్సీయో కావాలి. ఇన్నేళ్లు ఊళ్లో లేని అపరాధభావం అతనికీ ఉంటుంది. అమ్మకు ఒంట్లో బాగాలేనప్పుడు లేడు, చెల్లి పురిటికి లేడు. అందుకే కాదనలేడు. అప్పు మిగిలే ఉంటుంది, పిల్లల ఫీజులు పెరుగుతూ ఉంటాయి. ఏడాది తిరిగేసరికి ఏ బ్యాంకు గేటు దగ్గరో తుపాకీ పట్టుకుని రెండో ఉద్యోగంలో నిలబడతాడు. సెలవు రోజున మళ్లీ పాసుపుస్తకం పని.

దీనికి ఎదురుగా ఇంకో దారి కూడా చూశాం. ఎవరూ ఏమీ అడగని మనిషి. తెల్లవారుజామున అలవాటుగా లేస్తాడు, ఏడింటికల్లా పనులన్నీ అయిపోతాయి. తర్వాత రాత్రి దాకా ఏం చేయాలో తెలియదు. రావిచెట్టు కింద పేకాట, సాయంత్రం క్యాంటీన్ సీసా. అతన్ని సోమరి అంటే నాకు కోపం వస్తుంది. ఇరవయ్యేళ్ల వయసు నుంచి రోజును ముక్కలు చేసే పని బ్యూగిల్ చూసుకుంది. అతనికి ఆ పని ఎప్పుడూ, ఎవరూ నేర్పలేదు.

న్యూజిలాండ్ ఒప్పందం అందరినీ సుఖపెట్టిందని కూడా అనలేం. ఓడలు దిగేసరికి చాలా ఇళ్లు తయారు కాలేదు, కుటుంబాలు తాత్కాలిక పాకల్లో గడిపాయి. హోవిక్ నుంచి ఆక్లాండ్ ఇరవై కిలోమీటర్ల దూరం. ఊళ్లో పని దొరకనివాళ్లు కూలి కోసం అక్కడిదాకా నడిచి వెళ్లేవారు. పొదలు నిండిన ఎకరం నేల సంసారాన్ని మోయలేదు. బాధ్యతకు హద్దు గీసినవాళ్లు బతుకుతెరువును సరిగ్గా లెక్కగట్టలేదు. ఏడాదిలో మూడొందల రోజులు నీవే అన్నా, కూలి లేని రోజును తీరిక అనలేం. మన దగ్గర మాజీ సైనికులకు ప్రభుత్వం ఇచ్చిన ఎసైన్డ్ భూముల్లోనూ ఈ సమస్యే. పట్టా చేతికి వస్తుంది, నీళ్లు రావు.

హద్దు మాత్రం పనిచేసింది. 1851లో మావోరీల్లోని న్గాటి పావోవా తెగవారు ఒక వివాదం మీద పడవల్లో ఆక్లాండ్ తీరానికి వచ్చినప్పుడు ఒనెహుంగా ఫెన్సిబుల్స్‌కు పిలుపు వచ్చింది. వెళ్లారు, గొడవ యుద్ధం కాకుండానే సద్దుమణిగింది, తిరిగి వచ్చారు. రోజూ వాడుకోలేదు కాబట్టి, పిలిచిన రోజున వచ్చారని నాకు అనిపిస్తుంది. మన ఊళ్లలోనూ వరద వచ్చినప్పుడు మొదట తాడు పట్టుకునేది ఆ మిలిటరీ ఆయనే. ఆ మనిషిని మిగతా రోజుల్లో పాసుపుస్తకాల కోసం అరగదీయడం మనకు తగదు.

ఆ పాత ఒప్పందం భార్య పనిని లెక్కలోకి తీసుకోలేదు. ఓడలో వచ్చింది, పొదలు కొట్టింది, కోళ్లు పెంచింది, ఆ పనికి కాగితం మీద చోటు లేదు. మన ఇంట్లో ఆమె లేకుండా లెక్క కుదరదు. ఆయన సరిహద్దులో ఉన్నన్నాళ్లూ కౌలుదారుతో మాట్లాడింది, బడిలో సంతకం పెట్టింది, అత్తగారి మందులు తెచ్చింది ఆమే. ఆయన వచ్చాక ఆ పనులు తగ్గకపోగా, పొద్దున్నే పరుపు దుప్పటి మడత గురించి ఆజ్ఞలు మొదలవుతాయి. ఆయన తీరికంతా ఆమె పని మీద నిలిచిందేనని ఎంతమంది గుర్తిస్తున్నారు?

కాబట్టి పెన్షన్‌కు ముందు వచ్చే చివరి లీవులోనే ఆ కాగితం రాసుకోవాలని నా కోరిక. బంధువులకు నెలలో ఇన్ని రోజులు, గుడికి ఇన్ని, ఇన్ని గంటలు ఎవరూ తలుపు తట్టకూడనివి. రెండో ఉద్యోగం చేయాలా, చేస్తే ఎన్నేళ్లు అన్నది కూడా అందులోనే ఉండాలి. దాన్ని ఆయన ఒక్కడూ రాయకూడదు. ఎదురుగా ఆమెను కూర్చోబెట్టుకుని మొదటి వరుసలో రాయాల్సింది, ఇన్నాళ్లూ ఆమె మోసిన పనుల్లో ఏవేవి రేపటి నుంచి తనవో.