తేనె తాగే చిలకను కొంటావా తమ్ముడూ?

“అన్నా, ఈ చిలక యాడ దొరకతాది? ఎంతవతాది?” మా చంద్రగిరి తమ్ముడొకడు రీల్ పంపి అడిగాడు. చాలామందికి ఇదే డౌట్ ఉంటుంది కాబట్టి జవాబు ఇక్కడే రాస్తున్నా.

రీల్‌లో ఉన్నది ప్లమ్-ఫేస్డ్ లోరికీట్. న్యూగినీ దీవిలో, దాదాపు 2,000 మీటర్ల ఎత్తు దాటాక మబ్బు కమ్ముకునే కొండ అడవుల్లో బతుకుతుంది. తోకతో కలిపి 17 సెంటీమీటర్లే, అంటే మన పిచ్చుకంత. మిగతా చిలకల తోకకు 12 ఈకలుంటే దీనికి 14. నాలుక చివర బ్రష్ లాంటి కుచ్చు ఉంటుంది, దాంతోనే పూలతేనె అద్దుకుని తాగుతుంది.

అసలు చిక్కు ఇక్కడే. కోడి కందనకాయ ఎంత గట్టిగా ఉంటుందో తెలుసుగా? గింజల్ని నూరేది అదే. లోరికీట్లకు అది మెత్తన. మామూలు చిలకకు పెట్టినట్టు రోజూ వడ్లు, సజ్జలు పెడితే జబ్బు పడతాయి. పోనీ తీపి ద్రావణం కలిపి పెడదామంటే, మన మే నెల ఎండకు కొన్ని గంటల్లోనే పులిసిపోతుంది. చల్లటి కొండ మీది ప్రాణి 40 డిగ్రీల వేడిలో, పంజరంలో ఎట్లా ఉంటుంది చెప్పు?

చట్టం సంగతి కూడా విను. సైటిస్ జాబితాలో ఉన్న ఇలాంటి విదేశీ పక్షుల్ని పెంచేవాళ్లు 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. మన అడవి చిలకల్ని అయితే పట్టడం, అమ్మడం, పెంచడం అన్నీ నేరమే. 1972 వన్యప్రాణి చట్టం కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు.

తేనె తాగే బుల్లి చిలక మనకూ ఉంది తెలుసా? తూర్పు కనుమల్లో, విశాఖ మన్యం వైపు ఉంటుంది. 14 సెంటీమీటర్ల పచ్చటి పిట్ట, నడుము ఎరుపు. గబ్బిలంలా తలకిందులుగా వేలాడి నిద్రపోతుంది. చెట్టుకు కట్టిన ముంతలో కల్లు కూడా తాగుతుందట!

అంత దూరం పోలేవా? ఫిబ్రవరి, మార్చిలో శేషాచలం అంచున బూరుగు, మోదుగ పూస్తాయి. పొద్దున్నే వెళ్లి చెట్టు కింద పది నిమిషాలు కదలకుండా నిలబడు. తేనెపిట్టలు వస్తాయి, రామచిలకలు మోదుగ పూలు కొరికి తేనె పీలుస్తాయి. వీడియో తీసుకో, నాకూ పంపు. ఆ చెట్టు ఎవరైనా కొట్టేస్తామంటే మాత్రం ఊరుకోకు. పిట్ట వచ్చేది దాని కోసమే.