గాలం మనది... నవ్వు చేపది!

మా బాబాయి బ్యాంకులో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. రిటైరయిన వాళ్లు మామూలుగా ఏం చేస్తారు? పొద్దున వాకింగు, సాయంత్రం గుడి, మధ్యలో పేపరు. మా బాబాయికి ఇవేవీ ఆనలేదు. ‘‘ఒరేయ్, నేనిక చేపలు పడతాన్రా’’ అని ప్రకటించాడు.

‘‘ముందు కుళాయి కింద బకెట్టు పట్టండి, చాలు’’ అంది పిన్ని వంటింట్లోంచి.

బాబాయి వింటేగా! చిన్నప్పుడు ఊళ్లో ఆయన దగ్గరున్నవి ఓ వెదురు కర్ర, ఓ దారం, జొన్నదంటు బెండు, కొబ్బరి చిప్పలో నాలుగు వానపాములు. ఇప్పుడలా కుదురుతుందా? నాలుగు వేలు పోసి రాడ్డు, రీలు కొన్నాడు. ఒళ్లంతా జేబులే ఉన్న కోటు, వెడల్పాటి టోపీ, నల్ల కళ్లజోడు కూడా వచ్చి చేరాయి. చేపలింకా చెరువులోనే ఉన్నాయి. ఇంట్లో మాత్రం చింతపండు నానబెట్టించేశాడు!

చల్లగా ఉంచితే వానపాములు నాలుగు రోజులు బతుకుతాయని ఎవరో చెప్పారట. డబ్బాలో తడిమన్ను పోసి, పాముల్ని అందులో పెట్టి ఫ్రిజ్‌లో దాచాడు. అది గోంగూర పచ్చడి డబ్బా. మర్నాడు ఇడ్లీలోకి పచ్చడి తీద్దామని పిన్ని మూత తెరిచింది. ఆ తర్వాత ఏం జరిగిందో పక్కవీధి వాళ్లకు కూడా తెలుసు.

మొత్తానికి ఓ ఆదివారం నన్ను వెంటబెట్టుకుని నగరం శివార్లలోని ఓ చెరువుకు బయల్దేరాడు. అక్కడి చేపల మీద హక్కు ఊరి మత్స్యకారుల సంఘానిది. అందుకే సంఘం పెద్దాయన్ని కలిసి అనుమతి అడిగాం. ఆయన బాబాయి కోటునీ, టోపీనీ, రాడ్డునీ తాపీగా చూశాడు.

‘‘గాలమేస్కోర్రి సార్. మీ గాలంతోని మా చెరువు ఖాళీ అయితదని బుగులేం లేదు’’ అన్నాడు.

అది అనుమతో, వెక్కిరింతో మాకు వెంటనే అర్థం కాలేదు. సాయంత్రానికి అర్థమైంది.

గాలం విసిరే ముందు వెనక్కి చూసుకోవాలన్నది మొదటి పాఠం. బాబాయి ముందున్న నీళ్లనే చూశాడు. గాలం వెనకున్న నా చొక్కా కాలరుకి తగులుకుంది. రెండోసారి తుమ్మచెట్టుకి తగిలింది. మూడోసారి నీళ్లలో పడింది గానీ, రీలుకి వదులుగా చుట్టిన తీగంతా ఒక్కసారిగా ఊడివచ్చి కొబ్బరిపీచు ముద్దలా తయారైంది. విప్పడానికి గంటన్నర పట్టింది. నాలుగోసారి బెండు మునిగింది. ‘‘పడిందిరోయ్!’’ అంటూ లాగితే ఎడమకాలి చెప్పు వచ్చింది. ఆ రోజు స్కోరు... చొక్కా ఒకటి, చెట్టు ఒకటి, చెప్పు ఒకటి, చేపలు సున్నా.

‘‘బెండు జర కదలంగనే లాగొద్దు సార్. చేప ముందుగాల రుచి చూస్తది. బెండును లోపలికి గుంజినప్పుడే లాగాలె’’ అని చెప్పాడు పెద్దాయన. పెళ్లిచూపుల్లో కాఫీ తాగగానే కట్నం సంగతి ఎత్తేవాళ్లు కూడా వినాల్సిన మాట అది!

మూడో ఆదివారం నాకు వీలుకాక బాబాయి ఒక్కడే వెళ్లాడు. మధ్యాహ్నానికి రెండు చేపలతో విజయగర్వంతో దిగాడు. పిన్ని వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది.

‘‘ఏవండీ, ఇవి చందువలు. సముద్రం మన చెరువుదాకా ఎప్పుడొచ్చింది?’’

‘‘అదీ... వరదల్లో కొట్టుకొచ్చి ఉంటాయిలే.’’

‘‘వరదతోపాటు ఈ ఐసుముక్క కూడా కొట్టుకొచ్చిందా?’’

బాబాయి టోపీ తీసి మేకుకి తగిలించి, మాట్లాడకుండా స్నానానికి వెళ్లిపోయాడు.

ఒక్క మా బాబాయిని అని ఏం లాభం? గాలం పట్టినవాడి నాలుక ఏ దేశంలోనైనా కాస్త పొడుగే. ఇంగ్లండు రచయిత జెరోమ్ కె. జెరోమ్ 1889లో ‘త్రీ మెన్ ఇన్ ఎ బోట్’ అనే నవల రాశాడు. అందులో ఓ సత్రంలో అద్దాలపెట్టెలో పెద్ద చేప ఉంటుంది. వచ్చిన ప్రతివాడూ దాన్ని పట్టింది తానేనంటాడు. ఒక్కొక్కరు ఒక్కో బరువు చెబుతారు. చివరికి ఆ పెట్టె కిందపడి చేప ముక్కలవుతుంది. చూస్తే అది ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మ!

అది కథ. ఇక నిజంగా జరిగింది వినండి. సముద్రంలో పెద్ద చేపతో ఓ ముసలాయన చేసిన పోరాటాన్ని ‘ది ఓల్డ్ మేన్ అండ్ ద సీ’గా రాసి ప్రపంచాన్ని మెప్పించిన ఎర్నెస్ట్ హెమింగ్వే సామాన్యమైన వేటగాడు కాదు. ఆయన కూడా 1935లో చేపల వేటకు వెళ్తూ ఓ షార్కును పడవ పక్కకు లాగాడు. పిస్తోలుతో దాన్ని కాల్చబోతే గుండు ముక్కలు తన రెండు కాళ్లలోనే దిగాయి! దాచుకోకుండా ఆ సంగతిని ఆయనే ఓ పత్రికకు రాశాడు కూడా. ఇది చెప్పగానే మా బాబాయి ముఖం వెలిగిపోయింది. ‘‘చూశావా, నేను నీ కాలరుతోనే సరిపెట్టాను’’ అన్నాడు.

ఐదో ఆదివారం చెరువు తల్లి కరుణించింది. కిలోకి తగ్గని కొరమీను పడింది. ఆషామాషీ చేప కాదది, 2016 నుంచీ తెలంగాణ రాష్ట్ర చేప. మిగతా చేపల్లా నీళ్లలోంచి తీయగానే ప్రాణం విడవదు. నేరుగా గాలి పీల్చుకోగలదు కాబట్టి ఒళ్లు తడిగా ఉంటే గంటల తరబడి బతికే ఉంటుంది. ఈ ముక్క మాకు తెలియదు. సంచిలో వేసి స్కూటర్ ముందు తగిలించాం. సిగ్నల్ దగ్గర ఆగామో లేదో, రాష్ట్ర చేపగారు సంచిలోంచి రోడ్డు మీదకు దూకారు. బాబాయి వెనకాలే దూకాడు. ఆయన పట్టుకోవడం, అది జారిపోవడం... జనమంతా ఈలలు! చివరికి పక్కనున్న ఆటో డ్రైవరు తుండుగుడ్డ వేసి ఒడుపుగా పట్టేశాడు. ‘‘భలే పట్టావయ్యా!’’ అని బాబాయి మెచ్చుకుంటుండగా పచ్చలైటు పడింది. ఆటో వెళ్లిపోయింది. చేపా వెళ్లిపోయింది.

ఇక మిగిలింది పడవ సరదా. అక్కడ పడవంటే పుట్టి, గుండ్రటి పెద్ద బుట్టలా ఉంటుంది. దానికి ముందూ వెనకా ఉండవు. ఒక పక్కనే తెడ్డు వేస్తే రంగులరాట్నంలా ఉన్నచోటే తిరుగుతుంది. తెడ్డు ముందువైపు వేసి నీళ్లను మనవైపు లాక్కోవాలి. అది తెలియక బాబాయి పావుగంటసేపు చెరువుకి కాక తన చుట్టూ తానే ప్రదక్షిణ చేశాడు.

ఎక్కేముందు ఓ తగువు నడిచింది. పిన్ని పట్టుబట్టి కొనిపించిన లైఫ్ జాకెట్‌ని బాబాయి మెత్తగా ఉందని పుట్టిలో పరుచుకుని కూర్చున్నాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. ‘‘జాకెట్ ఏస్కుంటేనే పుట్టి కదుల్తది. లేకుంటే ఒడ్డు మీదనే కూసోర్రి’’ అన్నాడు. ‘‘నాకు ఈతొచ్చులే, మా ఊరి బావిలో నేర్చుకున్నా’’ అంటూనే బాబాయి తొడుక్కున్నాడు గానీ పట్టీలు పెట్టుకోలేదు. పట్టీలు బిగించకపోతే నీళ్లలో పడ్డప్పుడు జాకెట్ మనిషిని వదిలి మొహం మీదకు ఎగదన్నుతుందట. పెద్దాయనే వంగి, చిన్నపిల్లాడికి చొక్కా బొత్తాలు పెట్టినట్టు ఒక్కొక్కటీ బిగించాడు.

తిరిగొచ్చేటప్పుడు ఒడ్డు ఇంకా పది గజాలుంది. నా చేతిలో ఫోను చూడగానే బాబాయికి ఫొటో గుర్తొచ్చింది. లేచి నిలబడ్డాడు. పుట్టి ఒరిగింది. టోపీ ఒకవైపు, కళ్లజోడు ఒకవైపు, బాబాయి మధ్యలో! నేను పగలబడి నవ్వాను. రెండు క్షణాల తర్వాత ఆయన పైకి తేలాడు. నీళ్లు మింగి దగ్గుతున్నాడు, జేబుల కోటు తడిసి బరువెక్కి కిందకు లాగుతోంది, చేతులు ఆడటం లేదు. నలభై ఏళ్లనాటి ఈత ఆ క్షణంలో గుర్తురాలేదు. మొహం నీళ్లపైన నిలిపింది ఆ జాకెట్ ఒక్కటే. పెద్దాయన దూకి ఒడ్డుకి చేర్చాక, ‘‘ఇక్కడెంత లోతు?’’ అనడిగాను. ‘‘రెండు నిలువులు’’ అన్నాడు. నా నవ్వు అక్కడితో ఆగిపోయింది.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో విహారానికి వెళ్లిన పడవ మునిగి 50 మందికి పైగా చనిపోయారు. వాళ్లూ మనలాగే సరదాగా ఓ ఆదివారం గడుపుదామని బయల్దేరినవాళ్లే. గాలం చెట్టుకి తగిలినా, చేప ఆటోలో పోయినా ఇంటికొచ్చి చెప్పుకుంటే అది కథ. అలా చెప్పుకోవడానికి మనిషి ఇంటికి రావాలి కదా! నీళ్లమీద చేసే తప్పుల్లో నవ్వుకోవడానికి వీల్లేనిది ఆ పట్టీ దగ్గర చేసే తప్పే.

బాబాయి ఇప్పటికీ ప్రతి ఆదివారం చెరువుకి వెళ్తున్నాడు. పిన్ని చింతపండు నానబెట్టడం ఎప్పుడో మానేసింది. పుట్టి ఎక్కే వేళకి ఫోను మాత్రం తప్పకుండా చేస్తుంది. చేపల మాటెత్తదు.

‘‘పట్టీలు పెట్టుకున్నారా?’’