మేడకు ముందు దూలము

మన సంఘభవనముపై రెండవ అంతస్తు వేయవలెనను తీర్మానము రాబోవు సర్వసభ్య సమావేశమున రానున్నది. ఆదివారములందు మన పిల్లలు తెలుగు అక్షరములు దిద్దుకొనుటకు గదులు, పెండ్లిండ్లకు వచ్చు బంధువులకు విడిది కావలెననుట అందరి కోరిక. మా కోరికయు అదియే. అయినను దానికి ముందు మరియొక తీర్మానము జరుగవలెనని సోదర సభ్యులకు మనవి చేయుచున్నాము.

కడచిన వర్షకాలమున హాలు నడుమనున్న దూలము అడుగున పెచ్చులూడి, త్రుప్పుపట్టిన కడ్డీ బయటపడినది. స్తంభము దగ్గర ఏటవాలుగా ఒక పగులు కనిపించినది. మేస్త్రీని పిలిచి గిలాబా చేయించి, సున్నము వేయించి ఊరకుంటిమి. ఆ పని చేయించినవారిలో మేమును ఉన్నాము. ఈ సంవత్సరము అదే చోట పగులు మరల తెరచుకొన్నది. "నలుబది ఏండ్లు నిలిచిన కట్టడము ఇక నిలువదా?" అని కొందరు పెద్దలు అనుచున్నారు. నిలిచిన మాట నిజమే. కాని అది నిలిచినది ఒక్క కప్పును మోసి. మేడను మోసి కాదు.

దేవసుగూరు వద్ద కృష్ణపై 1943లో, నిజాము ప్రభుత్వకాలమున తెరచిన కమానుల వంతెనను మనమందరము ఎరుగుదుము. కమానులో రాయి రాతిని నొక్కుచుండును. నొక్కుడును ఓర్చుట రాతికి సహజము. దూలము సంగతి వేరు. భారము పడినపుడు అది వంగును. పైభాగము నొక్కబడును, అడుగుభాగము లాగబడును. కాంక్రీటు నొక్కుడును బాగుగా ఓర్చును గాని, లాగుడును ఓర్చు శక్తి దానిలో సుమారు పదవవంతు మాత్రమే. అందుచేతనే అడుగున ఇనుప కడ్డీలు వేయుదురు. ఆ కడ్డీయే త్రుప్పుపట్టినచో దూలమునకు ఆధారమేమి? త్రుప్పు, ఇనుముకంటె రెండింతలనుండి ఆరింతల వరకు చోటు ఆక్రమించును. లోపలినుండి త్రోసి పెచ్చులూడగొట్టునది అదియే. పైన గిలాబా పూసినచో త్రుప్పు కనబడదు, ఆగదు.

పగుళ్లన్నియు ఒక్కటి కావు. దూలము నడుమ అడుగున నిలువుగా కనబడు సన్నని వెండ్రుక పగులు అంత భయపడదగినది కాదు, సాధారణముగా 0.3 మిల్లీమీటరు వరకు మన దేశపు కాంక్రీటు నియమావళియే ఓర్చుకొన్నది. స్తంభము దగ్గర ఏటవాలుగా వచ్చు పగులు అట్టిది కాదు. అది కోతబలమునకు దూలము లొంగుచున్నదని చెప్పు గుర్తు కావచ్చును. అట్టి దూలము ఎక్కువ హెచ్చరిక లేకయే విరుగగలదు. మన దూలమున ఉన్నది ఈ రెండవ జాతి పగులే.

మనము వర్తకులము, లెక్క తెలిసినవారము. నివాసపు గదికి చదరపు మీటరునకు సుమారు 200 కిలోల వాడుక భారము లెక్కించుట ఆచారము. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల గదికి ఇది ఏబది కిలోల బస్తాలు సుమారు 37 మాత్రమే. గిడ్డంగికైతే దానికి మూడు నాలుగింతల బలము కావలెను. మనలో ఎందరు అంగడిపై గదిలో ధాన్యపు బస్తాలు కప్పు తాకునట్లు పేర్చుటలేదు? వేయి లీటర్ల నీటితొట్టి ఒక టన్ను. దీని లెక్క మన ఖాతాలలో ఎక్కడను లేదు.

ఇది ఉత్త భయము కాదు. సికింద్రాబాదులో 2013 జూలైలో ఒక పాత హోటలు భవనము కూలి పదిమందికి పైగా మరణించిరి. భద్రాచలములో 2025 మార్చి 26న కట్టుచున్న బహుళ అంతస్తుల భవనము నేలమట్టమై ఇద్దరు కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. పాత కట్టడముపై అంతస్తులు లేపినారని వార్తలు వచ్చినవి.

అట్లని భవనమును పడగొట్టవలెనని మేము చెప్పుటలేదు. బలహీనమైన దూలమును బలపరచు మార్గములు కలవు. చుట్టును క్రొత్త కడ్డీలు కట్టి కాంక్రీటు తొడుగు వేయవచ్చును. ఇనుప పలకలు అతికింపవచ్చును. కార్బన్ నార పట్టీలు అంటింపవచ్చును. 1991లో స్విట్జర్లాండులోని లూసెర్న్ వద్ద ఇబాఖ్ వంతెనను ఆరు కిలోలకు కొంచెము మించిన ఇట్టి పట్టీలతో బలపరచిరి.

కాని ఈ పనులు మేస్త్రీ ఊహకు విడువదగినవి కావు. ఒకదానిపై ఒకటి ఊరక పెట్టిన రెండు సమానమైన పలకలు ఒక పలకకు రెండింతలు మోయును. ఆ రెండింటిని జారకుండ అతికించినచో నాలుగింతలు మోయును. క్రొత్త తొడుగు పాత దూలముతో ఏకము కానిచో మన ధనము సగము వ్యర్థము. పోట్లు పెట్టి పై భారము ముందుగా తీయనిచో, ఇప్పటికే ఉన్న బరువును పాత దూలమే మోయుచుండును, క్రొత్తది చూచుచుండును. త్రుప్పును తొలగింపక, చెమ్మ ఊరుటను ఆపక పట్టీ అంటించుట పుండుకు మందు వేయక కట్టు కట్టుట వంటిది.

కావున మా ప్రతిపాదనలు మూడు. పరీక్ష పూర్తియగు వరకు ఆ దూలము క్రింద పోట్లు నిలిపి, హాలులో సభలు, తరగతులు ఆపవలెను. అనుభవము గల స్ట్రక్చరల్ ఇంజనీరుచేత దూలములు, స్తంభములు, పునాది పరీక్షింపజేసి వ్రాతమూలకమైన నివేదిక తీసికొనవలెను. మేడకై ప్రోగుచేసిన నిధిని మొదట దీనికే వినియోగింపవలెను. ఆ పిమ్మట ఇంజనీరు తగునన్నచో మేడ వేయుదము; కాదన్నచో ఆ కోరికను విడుచుదము.

మేడ ఒక సంవత్సరము ఆలస్యమైనచో చందాదారులకు సంజాయిషీ చెప్పుకొనగలము. ఆ దూలము క్రింద అక్షరములు దిద్దు పిల్లల తల్లులకు చెప్పుకొనదగిన సంజాయిషీ లేదు. 1956లో రాయచూరు మైసూరు రాష్ట్రమున చేరినను మన పెద్దలు ఊరు విడువక, పైసా పైసా కూడబెట్టి ఈ హాలునకు చోటు సంపాదించిరి. వారు మనకిచ్చిన కప్పు నిలుపుకొనుట మొదటి పని. దానిపై మరియొక కప్పు వేయుట రెండవది.