వస్తువులు చెప్పెదము, వంటకము చెప్పుడు



ప్రతి మాసమును ఈ పుటలో ఏదో యొక వంటకమును చేయు విధము వ్రాయుచున్నాము. ఈ మాసము అందుకు మాఱుగా ఒక యాటతో మొదలుపెట్టుచున్నాము. మధ్యాహ్న భోజనములై, వంటయిల్లు సర్దుకొని, నలుగురు స్త్రీలు వసారాలో చేరినపుడు ఆడుకొనదగిన యాట యిది. ఒకరు ఒక వంటకములో పడు వస్తువులను మాత్రమే చెప్పవలెను. తక్కినవారు దాని పేరు చెప్పవలెను. ఎట్లు వండుదురో, ఏ పండుగకు వండుదురో చెప్పరాదు. ఆట చిన్నదే కాని, దానివలన మేము నేర్చుకొన్నది చిన్నది కాదు. అందుచేతనే మీకును చెప్పదలచితిమి.

మొదట సులువైన ప్రశ్న. క్రొత్త చింతపండు, బెల్లము, మామిడికాయ, వేపపువ్వు, ఉప్పు, కారము. వేపపువ్వు పేరు వచ్చునప్పటికే చిన్నపిల్లలు సైతము "ఉగాది పచ్చడి" యని కేకవేయుదురు. కొన్ని వస్తువులు ఇట్లే తమ వంటకమును దాచలేవు. పనసపొట్టును ఆవపిండియు చెప్పినచో గోదావరి తీరమువారికి మఱి యే గుఱుతును అక్కఱలేదు.

రెండవ ప్రశ్నకు మా వసారాలో చిన్న తగవు పుట్టినది. బియ్యపుపిండి, నువ్వులు, వాము, ఉప్పు, వేయించుటకు నూనె. కరీంనగరమునుండి వచ్చిన వదినగారు తడవుకొనకుండ "సకినాలు" అన్నారు. బందరు పిన్నిగారు "కాదమ్మా, చేగోడీలు" అన్నారు. ఇద్దఱు చెప్పినదియు తప్పు గాదు. సకినాలకు బియ్యము నానబెట్టి తడిపిండి కొట్టించి, దానిని మెత్తగా కలిపి, గుడ్డమీద వ్రేళ్లతో మెలివెట్టుచు చుట్టమీద చుట్ట వేయుదురు. తడి కొంత ఆఱిన పిదప నూనెలో వేయుదురు. చేగోడీలకు పొడిపిండిని మఱుగునీటిలో పోసి ఉక్కించి, చల్లార్చి మర్దించి, త్రాడువలె పేని కొనలు కలుపుదురు. వస్తువులన్నియు ఒకటే, చేతిలో మాత్రము భేదమున్నది.

ఇక్కడనుండి ఆట క్లిష్టమగును. బియ్యము, బెల్లము, నెయ్యి. ఈ మూడింటితో ఏమేమి కాగలదో చూడుడు. తడిపిండిని బెల్లపు పాకమున కలిపి, నెయ్యి వేసి, కొబ్బరిముక్కలు చేర్చినచో చలిమిడి. పుట్టింటినుండి అత్తవారింటికి పోవు ఆడపడుచు ఒడిలో పెట్టి పంపునది అదియే. అట్టి పాకపు పిండినే ఉండలు చేసి, ఆకుమీద తట్టి, కాగిన నేతిలో గాని నూనెలో గాని వేయించి ఒత్తినచో అరిసె. నేయి కాచుటకు బదులు పొయ్యిమీద కుండ బోర్లించి, దాని వీపుమీద పలుచని బియ్యపుపిండి నీటిలో ముంచిన గుడ్డను ఒక్కమాఱు లాగినచో కాగితమువంటి రేకు లేచును. ఆ రేకులో నెయ్యిని బెల్లపుపొడిని చల్లి మడిచినచో పూతరేకు. కోనసీమ జిల్లాలోని ఆత్రేయపురపు పూతరేకులకు 2023వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ మూడు వస్తువులును దొరకని యూరు మన దేశమున లేదు. అయినను గుర్తింపు ఆ యూరికి వచ్చినది. ఆ వస్తువులను రేకుగా మార్చు నేర్పు అచ్చటి స్త్రీల చేతులలో నుండుటయే అందుకు కారణము.

శనగపిండి, తీపి, నెయ్యి అని చెప్పి చూడుడు. పిండిని జారుగా కలిపి బూందీ దూసి, పాకములో వేసి, జీడిపప్పు, ఎండుద్రాక్ష, కలకండ, ఏలకులు చేర్చినచో తిరుపతి లడ్డు. పిండిని పూసగా వేయించి, దంచి, జల్లించి, బెల్లపు పాకముతోను నేతితోను మరల దంచినచో బందరు లడ్డు. అందుచేతనే దానికి తొక్కుడు లడ్డు అను పేరును వచ్చినది. పిండిని ఉడుకుచున్న పంచదార పాకములో చల్లుచు, కాగిన నెయ్యి కొంచెము కొంచెముగా పోయుచు, గుల్లవిచ్చునంతవఱకు కలియబెట్టినచో మైసూరుపాకు. వీనిలో తిరుపతి లడ్డునకు 2009వ సంవత్సరమునను, బందరు లడ్డునకు 2017వ సంవత్సరమునను భౌగోళిక గుర్తింపు వచ్చినది. శనగపిండిని తీసివేసి మినపపిండిని పెట్టితిమా, అది సున్నుండ యగును. ఒక వస్తువు మాఱినచో పేరు మాఱుట అందఱెఱిగినదే. ఏ వస్తువును మాఱకుండనే పేరు మాఱుట ఈ యాటలో తెలియు విశేషము.

ప్రతిదినమును మనము చేయు మినపపిండి సంగతియే చూడుడు. మినపపప్పు, బియ్యము, ఉప్పు. పప్పు ఒక పాలు, బియ్యపురవ్వ రెండు పాళ్లు కలిపి పులియనిచ్చి ఆవిరిమీద పెట్టినచో ఇడ్డెన. రవ్వకు మాఱుగా బియ్యమునే పప్పుతో మెత్తగా రుబ్బి పెనముమీద పలుచగా తీసినచో దోసె. రవ్వపిండినే మందముగా మూకుటిలో పోసి సన్నని సెగమీద నిదానముగా కాల్చినచో దిబ్బరొట్టె. బియ్యమును విడిచిపెట్టి పప్పునొక్కదానినే గట్టిగా రుబ్బి, నడుమ చిల్లిపెట్టి నూనెలో వేసినచో గారె. కాబట్టి వస్తువుల పట్టిక వంటకము గాదు. పాళ్లు, వరుస, సెగ, సమయము అను నాలుగును చేరినగాని దానికి పేరు రాదు.

ఈ మాట మాకు వినోదముగా మాత్రమే తెలియలేదు. ఒక నష్టము వలనను తెలిసినది. మా యింట పెద్దవారొకరు వ్రాసియుంచిన చిన్న పుస్తకమొకటి కలదు. ఆమె గతించి చాలకాలమైనది. పుటకొక వంటకము వ్రాసినారు గాని, ఏ పుటమీదను పేరు లేదు, చేయు విధమును లేదు. వస్తువులును తూకములును మాత్రమే యున్నవి. ఆమెకు అంతకంటె అక్కఱలేకపోయినది. మఱచిపోవునవి తూకములే గాని చేయుట గాదని ఆమె తలచి యుండును. ఒకనాడు మేము ఆ పుస్తకమును వసారాలో పెట్టుకొని ఈ యాటనే ఆడితిమి.

మొదటి పుటలో "బియ్యము రెండు శేర్లు, బెల్లము శేరున్నర, నెయ్యి, నువ్వులు, ఏలకులు" అని యున్నది. నువ్వులను చూచి అందఱమును అరిసెలని నిశ్చయించితిమి. మఱియొక పుటలో "మినుములు, బియ్యపురవ్వ, జీలకఱ్ఱ, ఉప్పు, నూనె" అని వ్రాసి, అంచున మూడే మాటలు చేర్చినారు: "మూతపైనను నిప్పు." ఆ మూడు మాటలతో చీకటి విడిపోయినది. అది దిబ్బరొట్టె. క్రింద సన్నని సెగ, మూతమీద నిప్పులు పెట్టి రెండు వైపుల నుండియు కాల్చెడివారు. అయిదు వస్తువులు చెప్పలేని సంగతిని ఆ మూడు మాటలు చెప్పినవి.

మూడవది మాత్రము మాకు చిక్కలేదు. "గోధుమలు, కొబ్బరి, బెల్లము, నెయ్యి, ఏలకులు." ఒకరు గోధుమపాల హల్వా యన్నారు. ఒకరు నూకతో చేయు ప్రసాదమన్నారు. ఇంకొకరు కొబ్బరిపూర్ణము పెట్టిన బూరెలన్నారు. మూడింటిని మూడు దినములు చేసి చూచితిమి. మూడును బాగుగనే యున్నవి. మా పెద్దపిన్నిగారు మూడింటిని రుచి చూచి, "ఇవి కావమ్మా, మా చిన్నతనమున శ్రావణమాసములో పెట్టునది ఇట్లుండదు" అన్నారు. ఎట్లుండునో చెప్పుమన్నచో ఆమెకు మాటలు దొరకలేదు. నాలుకకు గుఱుతున్నది, చేతికి గుఱుతులేదు. వస్తువులన్నియు మా యలమరలో నున్నవి. వంటకము మాత్రము ఆ పెద్దామెతోనే పోయినది.

అందుచేత మా మనవి యేమనగా, మీ యింట పెద్దవారు చేయు వంటకములను వ్రాసికొనునపుడు వస్తువుల పట్టికతో తృప్తిపడవద్దు. మూడు సంగతులను తప్పక వ్రాయుడు. మొదటిది పేరు, మీ యూరిలో దానిని ఏమందురో అదియే వ్రాయుడు. రెండవది వరుస, ఏది ముందు, ఏది వెనుక, ఏది పొయ్యి దించిన పిదప. మూడవది గుఱుతు, ఆ పని అయినదని మీ అమ్మగారికి దేనివలన తెలియును? అరిసెల పాకము సంగతి చూడుడు. చుక్కను చల్లనీటిలో వేసి వ్రేళ్లతో చేర్చినపుడు మెత్తని ఉండ కావలెను. లేతగా నున్నపుడు దించినచో అరిసె నూనెలో విచ్చిపోవును; ముదిరిన పిదప దించినచో పండ్లకు రాయియగును. బియ్యపుపిండి తడియాఱక ముందే పాకములో పడవలెను. పెద్దవారిని "ఎంత?" అని మాత్రము అడుగక, "ఎప్పుడు?" అనియు, "ఎట్లు తెలియును?" అనియు అడుగుడు. వారు "చూచిన తెలియును" అందురు. అపుడు ప్రక్కన నిలుచుండి చూచి, చూచినదానిని వ్రాయుడు.

ఈ యాటవలన వేఱొక ప్రయోజనమును గలదు. నేడు మన యిండ్లలోనికి పొట్లములలో వచ్చు ఆహారము హెచ్చినది. ఈ పొట్లములమీద ఆటను తలక్రిందుగా ఆడవలెను. పేరును బొమ్మను అరచేతితో మూసి, వెనుకనున్న వస్తువుల పట్టికను మాత్రము చదువుడు. మన దేశమున 2020వ సంవత్సరమున చేసిన లేబులు నియమముల ప్రకారము, అందలి వస్తువులను తూకమును బట్టి గాని కొలతను బట్టి గాని ఎక్కువదానినుండి తక్కువదానివఱకు వరుసగా వ్రాయవలెను. కావున ఇచ్చట వరుసయే గుట్టు చెప్పును. "నీరు, పంచదార, మామిడిగుజ్జు" అని చదివినచో దానికి మీరేమి పేరు పెట్టుదురు? మేమైతే మామిడి వాసనగల పంచదార పానకమందుము. చేయి తీసి చూచినచో ముందువైపున నిండు మామిడిపండు బొమ్మ యుండవచ్చును. గోధుమ బిస్కత్తులని పేరుండి, పట్టికలో మొదట మైదా యున్నచో, అది మైదా బిస్కత్తే. పంచదార సైతము ఒక్క పేరుతోనే రాదు. గ్లూకోజు ద్రవము, ఇన్వర్టు సిరపు అను పేర్లతోను వచ్చును. ఇంట మధుమేహముగలవారున్న యిల్లాలికి ఈ పేర్లు తెలిసియుండుట అవసరము.

వేరుశనగపప్పు పడని పిల్లలు కొందఱుందురు. ఒక్క పలుకు తిన్నను ఊపిరాడక ప్రాణమునకే అపాయము రావచ్చును. అట్టివారి కొఱకే వేరుశనగ, పాలు, గ్రుడ్డు, చేప, సోయా, గోధుమ మొదలగునవి పడినచో ఆ సంగతిని పొట్లముమీద వేఱుగా తెలుపవలెనని ఆ నియమములలో నున్నది. అయితే ఈ పట్టిక ఆంగ్లమున గాని హిందీలో గాని యున్న చాలును. తెలుగున వ్రాసి తీరవలెనను నిర్బంధము లేదు. కావున చదువుకొన్న కోడలు అత్తగారికిని, బడికిపోవు మనుమరాలు నాయనమ్మకును చదివి చెప్పవలెను. వంటయింటి విద్యను అత్తగారు కోడలికి నేర్పినట్లే, ఈ క్రొత్త విద్యను కోడలు అత్తగారికి నేర్పుట యుక్తము. ఇరువురును ఒకరికొకరు గురువులైనచో ఇంటికి మేలు.

ఇక ఈ మాసపు ప్రశ్న. కందిపప్పు, శనగపప్పు, ఎండుమిరపకాయలు, జీలకఱ్ఱ, చింతపండు, ఉప్పు. ఇది యేమి? తొందరపడవద్దు, వీనితో ఒకటికంటె నెక్కువయే కాగలవు. పేరుమాత్రము వ్రాసి పంపినవారికి సగము మార్కులే. రోటిలో నీరు పోసితిరో లేదో, పప్పును ఏ రంగువఱకు వేయించితిరో, మీ యింట దానిని ఎవరి చేయి బాగుగా చేయునో కూడ వ్రాయుడు. వచ్చిన యుత్తరములలో మంచివానిని వచ్చు మాసమున ఈ పుటలోనే ముచ్చటించుకొందము.

ఒకవేళ ఆ గోధుమలు, కొబ్బరి, బెల్లము, నెయ్యి, ఏలకులతో శ్రావణమాసమున మీ యింట ఏదైన చేయు ఆచారమున్నచో దయచేసి తెలుపుడు. మా పెద్దపిన్నిగారు ఇంకను ఎదురుచూచుచున్నారు.