కునుకుకు మార్కులు

ఈమధ్య మామయ్యను రాజమండ్రిలో ఒక ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. ఆయన రావులపాలెం నుంచి అరటిగెలల లారీ తోలతారు. రాత్రి గురక, పగలు మత్తు. అక్కడొక కాగితమిచ్చి నింపమన్నారు. దాని పేరు ఎప్‌వర్త్ నిద్రమత్తు కొలమానం. మెల్‌బోర్న్‌లోని ఎప్‌వర్త్ ఆసుపత్రిలో మర్రే జాన్స్ అనే వైద్యుడు రూపొందించి 1991లో ప్రకటించినది. ఎనిమిది సందర్భాలు, ఒక్కొక్కదానిలో కునుకు పట్టే అవకాశానికి 0 నుంచి 3 దాకా మార్కులు. మొత్తం 24. పది దాటితే మత్తు ఎక్కువైనట్లు లెక్క.

మామయ్యకు వచ్చినవి నాలుగు! ఏమీ లేదు పొమ్మన్నారు.

"మీ మామయ్య అన్నం కంచం ముందే జోగుతారు, నాలుగేమిటిరా?" అని అత్తయ్య విస్తుపోయింది. బయటికి వచ్చాక మామయ్య అసలు సంగతి చెప్పారు: "మత్తని రాసిచ్చాక ఓనరు బండి తాళాలిస్తాడట్రా?"

ఆ కాగితం కొలిచింది ఆయన నిద్రను కాదు, భయాన్ని.

ప్రశ్నలైనా మనవా? కారులో గంటసేపు ఆగకుండా ప్రయాణిస్తున్నప్పుడట, ట్రాఫిక్‌లో కారు ఆగినప్పుడట! మద్యం పుచ్చుకోకుండా మధ్యాహ్నం భోంచేసి ఊరికే కూర్చున్నప్పుడట! ఈ చివరిది అత్తయ్యను అడిగి చూడండి. మొదటి మాటకు కోప్పడుతుంది, చివరి మాటకు నవ్వుతుంది. ఆవిడ ఊరికే కూర్చున్నదెప్పుడు? ఈమధ్య అలా చేయకపోతే ఊహించి రాయమంటారు. ఊహకు మార్కులు వేసి రోగం లేదని తేల్చడం ఏం వైద్యం?

కాగితం చవక, అయిదు నిమిషాల పని అంటారు. ఒప్పుకుంటాను. రాత్రంతా పడుకోబెట్టి చేసే నిద్రపరీక్ష అందరికీ అందదు. ఎక్కువ మార్కులు వస్తే అది హెచ్చరికే. కానీ తక్కువ వచ్చినంత మాత్రాన అభయపత్రం కాదు. ఉత్తర భారతీయుల కోసం ఈ ప్రశ్నలనే హిందీలో సవరించి, పరీక్షించి, 2016లో ప్రచురించారు. కునుకు, మగత, నీరసం వేరువేరని తెలిసిన మన భాషలో, మన బతుకులకు తగిన ప్రశ్నలు మన వైద్యుల చేతిలో ఉండవద్దా?

ఇది మాటల పట్టింపు కాదు. 2015 జూన్‌లో తిరుపతి నుంచి తిరిగివస్తున్న యాత్రికుల వాహనం ధవళేశ్వరం ఆనకట్ట మీదినుంచి పడి ఇరవైమందికి పైగా చనిపోయారు. డ్రైవరు కునుకు తీసి ఉంటాడని అప్పట్లో అనుమానించారు.

వైద్యులకు నా మనవి ఒక్కటే. రోగి రాసింది చూడండి, పక్కనున్న మనిషినీ అడగండి. అత్తయ్యను ఎవరూ అడగలేదు. మామయ్య ఈ రాత్రి కూడా లారీ ఎక్కుతున్నారు.